ఫోన్లో నాలుగడుగులు, గేజి మీద రెండు

రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుందనగా, జూన్ మొదటి వారంలో, బందరులోని మా కాలువల ఆఫీసులో నాకొక పని అప్పగించారు. అప్పటికి నేను టెక్నికల్ ఆఫీసర్ని. హోదా పేరు వింటే చాలామంది పెద్ద ఉద్యోగం అనుకుంటారు, నేనెప్పుడూ కాదనలేదు. ఉన్న మాట చెప్పాలంటే, ఒకప్పుడు డ్రాఫ్ట్స్‌మన్ అనేవారికే తర్వాత ఆ పేరు పెట్టారు. నేను చేరింది దానికీ కింది మెట్టు మీద, ట్రేసర్‌గా. ఇంజనీర్లు పెన్సిల్‌తో వేసిన లాకుల, తూముల డ్రాయింగుల మీద పల్చని ట్రేసింగ్ గుడ్డ పరిచి నల్ల సిరాతో మళ్లీ గీయడం ట్రేసర్ పని. గీత వణికితే షీటు మొత్తం మళ్లీ మొదలెట్టాలి. నా గీత వణికేది కాదు. ఇది గొప్పకే చెబుతున్నాను, ఎందుకంటే ఈ కథలో నా తప్పు కూడా ఆ గొప్పలోంచే వచ్చింది.

అప్పగించిన పని ఏమిటంటే, మా డివిజన్‌లోని కాలువల నీటిమట్టాలు ఎవరైనా ఫోన్లో చూసుకునేలా ఒక వెబ్ పేజీ తయారు చేయడం. డ్రాయింగులు కంప్యూటర్ మీదికి మారినప్పుడు ఆఫీసులో ముందుగా నేర్చుకున్నది నేనే కాబట్టి, కంప్యూటర్‌కి సంబంధించిన ప్రతిదీ నా బల్ల మీదికే వచ్చేది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్, అంటే డివిజన్ మొత్తానికి పెద్ద అయిన మా ఈఈ గారు, మొదట నోటిమాటగా చెప్పారు. రెండు రోజుల తర్వాత రెండు వాక్యాల ఆర్డరు వచ్చింది.

అంతవరకూ లెవెళ్లు ఎలా వచ్చేవో చెబుతాను. కాలువకి తలుపులు పెట్టి నీటిని ఆపే ప్రతి లాకు దగ్గరా ఒక గేజి ఉంటుంది. అడుగులు, అంగుళాలు గుర్తులు వేసిన ఎనామెల్ పలక అది. సగం నీళ్లలో, సగం బయట. పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ లస్కరు దాన్ని చూసి గేజి రిజిస్టర్లో రాస్తాడు. లస్కరంటే లాకు తలుపులు ఎత్తి దించే మనిషి, గట్టు కాసే మనిషి. మా దగ్గర అందరికన్నా కింది ఉద్యోగం. కాలువలో నీళ్లెన్ని ఉన్నాయో అందరికన్నా ముందు తెలిసేది మాత్రం అతనికే. అతను సెక్షన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడివాళ్లు సబ్‌డివిజన్‌కి చెప్పేవారు, సబ్‌డివిజన్ వాళ్లు మాకు చెప్పేవారు, మేం టైపు చేయించి ఈఈ గారి బల్ల మీద పెట్టేవాళ్లం. పొద్దుటి లెవెలు ఆయన చూసేసరికి మధ్యాహ్నం భోజనాలు అయిపోయేవి.

నీళ్లు పుష్కలంగా ఉన్న ఏడు ఈ ఆలస్యం ఎవరికీ పట్టదు. తక్కువైన ఏడు వంతులు పెడతారు. కొన్నాళ్లు దివిసీమ వైపు కాలువకి, కొన్నాళ్లు గుడివాడ వైపు కాలువకి. దివిసీమ కాలువ చిట్టచివర, మోపిదేవి దాటి సముద్రం వైపు వెళ్లాక, ఒక చిన్న లాకు ఉంది. అక్కడి గేజి నాలుగడుగులు చూపిస్తే శివారు పొలాల దాకా నీరు అందినట్టు లెక్క. అప్పుడు ఆ వైపు తగ్గించి గుడివాడ వైపు పెంచుతారు. పెంచాక చివరి గేజి మూడడుగుల కిందికి దిగితే, కొంత నీరు తిరిగి దివిసీమకి వదలాలి. శివారు నేలల్లో నీరు నిలబడకపోతే అడుగున ఉన్న ఉప్పు పైకి లేస్తుంది. నారు ఎర్రబడిందంటే ఆ ఏడు సార్వా పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

విజయవాడలో కొన్ని రోజుల శిక్షణకు పంపారు. నా పక్కన కూర్చున్నవాళ్లంతా నా పెళ్లి తర్వాత పుట్టినవాళ్లు. నేర్పే అబ్బాయి నన్ను చూసి, "మీరు చూస్తూ కూర్చోండి ఆంటీ" అన్నాడు. శిక్షణ అయ్యేనాటికి అతనికి నా నోటు పుస్తకం కావాల్సి వచ్చింది. బొమ్మలతో సహా రాసుకున్నాను మరి.

అక్కడ నేర్చుకున్న జేసన్ అనేది సమాచారం రాసుకునే ఒక పద్ధతి. ఎడమ పక్క పేరు, మధ్యలో నిలువుగా రెండు చుక్కలు, కుడి పక్క విలువ. ఉదాహరణకి ఎడమ పక్క "లెవెలు" అని ఉంటే కుడి పక్క "4-0" అని ఉంటుంది, అంటే నాలుగడుగుల సున్నా అంగుళాలు. ప్రతి మాటకీ ముందొకటి, వెనకొకటి కొటేషన్ గుర్తు ఉండాలి. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కంప్యూటర్‌కి తెలిసేది ఆ గుర్తుల వల్లే. అలాంటి జంటలు వరసగా పేర్చిన మామూలు ఫైలు అది. ఆఫీసులో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్ ఆ ఫైలుని అడిగినవారికల్లా అందిస్తుంది. దాన్నే సర్వర్ అంటారు. చూసేవారి ఫోన్లో తెరుచుకున్న పేజీలో జావాస్క్రిప్ట్ అనే భాషలో ప్రోగ్రామ్ రాసి ఉంటుంది. అందులోని ఫెచ్ అనే ఆదేశం సర్వర్ దగ్గరి నుంచి ఫైలు తెస్తుంది. తెచ్చినదాన్ని విప్పి పట్టికలో నింపడం మిగతా జావాస్క్రిప్ట్ పని.

వినడానికి ఇంతే. చేయడానికి కూర్చుంటే మొదటి రోజే చుక్కలు కనిపించాయి. పేజీ ఫైలూ, జేసన్ ఫైలూ ఒకే ఫోల్డరులో పక్కపక్కన పెట్టి, పేజీ మీద రెండుసార్లు నొక్కి తెరిచాను. పక్కనే ఉన్న ఫైలుని బ్రౌజర్ ముట్టుకోనంది. డిస్కు మీద ఉన్నదాన్ని అది ఊరికే తీసుకోదట. సర్వర్ చేతుల మీదుగా ఇస్తేనే పుచ్చుకుంటుందట. ఆఫీసు పద్ధతులు తెలిసినదాన్ని కాబట్టి ఇది నాకు వింతగా అనిపించలేదు. సర్వర్ పెట్టాను, పుచ్చుకుంది.

రెండో చిక్కు పరువు తీసింది. ఫెచ్ మా టపా బంట్రోతు లాంటిది. రికార్డు రూముకి వెళ్లి ఫైలు తెమ్మని పంపితే, ఆ మనిషి తిరిగొచ్చేదాకా జావాస్క్రిప్ట్ చేతులు కట్టుకుని కూర్చోదు. కింది పని మొదలెట్టేస్తుంది. నేనేమో ఫైలు తెమ్మని ఒక వరసలోనూ, పట్టిక గీయమని దాని కింది వరసలోనూ రాశాను. ఫైలు రాకముందే పట్టిక గీసేసింది. సరిగ్గా అప్పుడే ఈఈ గారు నా వెనక వచ్చి నిలబడ్డారు. తెర మీద లాకుల పేర్లున్నాయి, ఎదురుగా అన్నీ ఖాళీలు. ఆయన అవి చూసి, "ఏమ్మా, కాలువలన్నీ కట్టేశారా?" అన్నారు. హాలంతా నవ్వింది.

ఫైలు వచ్చాకే గీయమని చెప్పడం గంటలో నేర్చుకున్నాను. కానీ ఆ నవ్వు నన్ను వదల్లేదు. నా పట్టిక ఇంకెప్పుడూ ఖాళీగా కనిపించకూడదని పంతం పట్టాను. అందుకోసం ఒక ఏర్పాటు చేశాను. ఏ కారణంగానైనా కొత్త ఫైలు రాకపోతే, వచ్చినా చదవడానికి వీల్లేకపోతే, అంతకుముందు సారి తెచ్చి ఫోన్లో దాచి ఉంచిన అంకెలే పట్టికలో నింపమన్నాను. పట్టిక నెత్తిన ఆనాటి తేదీ పెద్దక్షరాలతో పెట్టాను. ఆ తేదీ ఫోన్ గడియారం నుంచి తీసుకున్నదే గాని రీడింగు తాలూకు తేదీ కాదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సమాచారాన్ని జేసన్‌గా మార్చడానికి జావాస్క్రిప్ట్‌లోనే ఒక సాధనం ఉంది. విలువలు దానికిస్తే గుర్తులన్నీ అదే సరిగా పెడుతుంది. నేను దాన్ని వాడలేదు. ఏళ్ల తరబడి ప్రతి గీతా చేత్తో గీసినదాన్ని. కొటేషన్ గుర్తులు ఇంకొకరు పెట్టడమేమిటనుకున్నాను. ముందొక గుర్తు, మధ్యలో లస్కరు పంపిన లెవెలు, వెనకొక గుర్తు, ఇలా ముక్కలు అతికించి ఫైలు తయారయ్యేలా నేనే రాశాను. ముచ్చటగా వచ్చింది.

జూలై మధ్యలో పేజీ అందరికీ తెరిచాం. అది పని చేసిన తీరు గురించి నేను వినయంగా మాట్లాడలేను. ఆరింటికి చూసిన లెవెలు ఆరుంబావుకల్లా ఈఈ గారి ఫోన్లో ఉండేది. ఒకరోజు విజయవాడ నుంచి వస్తుంటే పామర్రు సెంటర్లో బస్సు ఆగింది. టీ కొట్టు దగ్గర ఇద్దరు రైతులు ఫోన్ చూసుకుంటూ మా లాకుల లెవెళ్లు మాట్లాడుకుంటున్నారు. దిగి వెళ్లి ఆ పేజీ చేసింది నేనేనండీ అని చెప్పాలనిపించింది. ఈలోగా బస్సు కదిలింది. పై సర్కిల్ నుంచి సూపరింటెండింగ్ ఇంజనీరు, అంటే ఎస్‌ఈ గారు, స్వయంగా వచ్చి చూస్తారనీ, బాగుంటే మిగతా డివిజన్లకీ ఇదే పెడతారనీ కబురు వచ్చింది.

అప్పటిదాకా లస్కర్లు ఫోన్లో చెప్పిన లెవెళ్లను సెక్షన్ ఆఫీసువాళ్లు పేజీ కోసం నేను చేసిన ఫారంలో నింపేవారు. ఆగస్టులో ఫారాన్ని నేరుగా లస్కర్ల ఫోన్లలోకి ఇచ్చాం. ఇక లెవెళ్ల కోసం ఒకరికొకరు ఫోన్లు చేసుకోవడం మానేయండని చెప్పింది కూడా నేనే. ఫారంలో ఒకటే గడి. అడుగులు, మధ్యలో చిన్న గీత, అంగుళాలు రాయాలి కాబట్టి అందులో ఏ గుర్తు పెట్టినా తీసుకునేలా వదిలేశాను.

దివిసీమ చివరి లాకు లస్కరు పేరు నాంచారయ్య. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతారు. ఉద్యోగమంతా ఆ ఒక్క లాకు మీదే. లస్కర్లను గారు అనే అలవాటు మా ఆఫీసులో తక్కువ, నేను అంటాను. ఆయన గేజి రిజిస్టర్ ఆడిట్‌కి వచ్చినప్పుడు చూసేదాన్ని. ఒక్క కొట్టివేత ఉండేది కాదు. గీత విలువ తెలిసిన మనిషి అనుకునేదాన్ని.

ఆ వారం నీళ్లు తక్కువై వంతు నడుస్తోంది. సోమవారం పొద్దున్న చివరి గేజి నాలుగడుగులు అని పేజీలో కనిపించింది. నియమం ప్రకారం ఈఈ గారు దివిసీమ వైపు తగ్గించి గుడివాడ వైపు పెంచారు. మంగళవారం చూస్తే అదే నాలుగు. బుధవారం కూడా అదే. తగ్గించినా తగ్గలేదంటే ఈ ఏడు గట్లు గట్టిగా ఉన్నాయని అందరం సంతోషించాం. గుడివాడ వైపు పెరిగిన నీరు పేజీలో పెరగలేదన్నది ఎవరూ గమనించలేదు. కళ్లెదుట నీళ్లున్నవాళ్లు ఫోన్ ఎందుకు చూస్తారు?

గురువారం మధ్యాహ్నం శివారు రైతులు లాకు మీదికి వెళ్లి నాంచారయ్య గారిని నిలదీశారు. పలక మీద రెండడుగుల చిల్లర ఉంది. ఫోన్లో నాలుగడుగులుంది. వాళ్లు సబ్‌డివిజన్ అధికారి అయిన డీఈ గారికి ఫోన్ చేశారు. ఆయన పేజీ తెరిచి చూశారు, నాలుగే. లస్కరు లాకు దగ్గరికే వెళ్లకుండా ఇంట్లో కూర్చుని నోటికొచ్చిన అంకె పంపుతున్నాడని తేల్చేశారు. ఈఈ గారు వెంటనే దివిసీమకి నీరు తిరిగి వదిలించారు గాని, అది చివరిదాకా చేరడానికి ఒక రోజు పైనే పడుతుంది. సాయంత్రానికి నాంచారయ్య గారి పేర మెమో తయారైంది. మూడు రోజులుగా తప్పుడు లెవెళ్లు పంపినందుకు తమపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని.

మెమో అంటే తెలియనివారికి చెబుతాను. సంజాయిషీ నచ్చకపోతే సస్పెన్షన్, ఆపైన విచారణ. విచారణ తేలకముందే రిటైరైతే పెన్షన్ పూర్తిగా చేతికి రాదు. అన్నిటికన్నా, ముప్పై ఏళ్లు వానలో గొడుగేసుకుని వెళ్లి పలక చూసొచ్చిన మనిషి సర్వీసు రిజిస్టర్లో "తప్పుడు రీడింగు" అన్న మాట పడుతుంది. పేజీ నాది కాబట్టి ఆ మెమో నకలు నా బల్ల మీదికి వచ్చింది. ఆ రిజిస్టర్ రాసిన చెయ్యి దొంగ అంకె రాస్తుందంటే నేను నమ్మలేదు.

శుక్రవారం పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కాను. మోపిదేవిలో దిగి ఆటో మాట్లాడుకుని లాకు దగ్గరికి వెళ్లేసరికి పది మంది రైతులున్నారు. వాళ్లలో కోటేశ్వరమ్మ గారని మూడెకరాలు సొంతంగా చేయించుకునే ఆవిడ, నేను ఆఫీసు నుంచి వచ్చానని తెలియగానే ఫోన్ నా మొహం ముందు పెట్టారు.

"ఇదిగోనండీ, ఇందులో నాలుగడుగులున్నాయి. పొలానికి ఇందులోంచి తోడుకోమంటారా?"

నీరు బయల్దేరిందనీ, సాయంత్రానికి అందుతుందనీ మాత్రం చెప్పాను. ఆవిడ నారుమడి పక్కనే ఉంది. అంచులు ఎర్రబడ్డాయి, మధ్య ఇంకా పచ్చగానే ఉంది.

నాంచారయ్య గారు లాకు గది అరుగు మీద కూర్చుని ఉన్నారు. మెమో జేబులో మడత పెట్టుకున్నారు. నన్ను చూసి లేచారు. ఆయన మొదటి మాట, "నేను రోజూ పంపించానండీ మేడం గారూ. వెంకన్న స్వామి సాక్షి." నమ్ముతున్నానని చెప్పి, రోజూ ఎలా పంపుతారో అలాగే నా ఎదుట పంపమన్నాను. మెట్లు దిగి, పలక దగ్గర వంగి చూసి, పైకొచ్చి మొదట రిజిస్టర్లో రాశారు, తర్వాత ఫోన్లో కొట్టారు. రెండడుగుల ఒక అంగుళం. "పంపబడింది" అని వచ్చింది. నా ఫోన్లో పేజీ తెరిచాను. నాలుగడుగులు, పైన శుక్రవారం తేదీ. తప్పు నా ఇంట్లోనే ఉందని అప్పటికే తెలిసిపోయింది, ఎక్కడుందో వెతకాలి.

రిజిస్టర్ అడిగి తీసుకున్నాను. సోమవారం పొద్దున్న నాలుగు సున్నా. సోమవారం సాయంత్రం గడిలో అంకె లేదు, రెండు చిన్న నిలువు గీతలున్నాయి. పైదే ఇదీ అన్న గుర్తు. మా రిజిస్టర్లలో ఇది పాత పద్ధతి. నీరు మారకపోతే లస్కర్లు అంకె తిరిగి రాయరు, రెండు గీతలు పెడతారు. తెల్లారి నుంచి సాయంత్రానికి మారలేదని చూసి చెప్పినట్టు దాని అర్థం. నేను ఎన్ని వేల చోట్ల చూశానో ఆ గుర్తుని.

"ఇవి ఫోన్లో కూడా పెట్టారా?" అని అడిగాను.

"పెట్టానండీ. మరి మారలేదు కదండీ," అన్నారు. "ఫోన్లో ఆ గుర్తు ఎక్కడుందో కనిపించలేదండీ మొదట. అంకెలున్న చోట నొక్కితే అక్కడో మూల దొరికింది. పావుగంట పట్టిందండీ." చెబుతుంటే ఆయన మొహంలో కాస్త గర్వం కూడా ఉంది. దొరికించుకున్నందుకు.

అది కొటేషన్ గుర్తు.

అరుగు మీదే ల్యాప్‌టాప్ తెరిచి సర్వర్లోని జేసన్ ఫైలు చూశాను. సోమవారం సాయంత్రం వరసలో మూడు కొటేషన్ గుర్తులు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. మొదటిదీ చివరిదీ నేను అతికించినవి, మధ్యది నాంచారయ్య గారిది. మొదటి రెండూ కలిసి ఖాళీ మాట అయిపోయాయి, మూడోది ఎవరికీ చెందకుండా మిగిలింది. జేసన్‌లో ఒక్క గుర్తు తప్పినా ఆ వరస ఒక్కటే పోదు. మొత్తం ఫైలు చదవడానికి పనికిరాకుండా పోతుంది. గత పది రోజుల రీడింగులూ ఆ ఫైల్లోనే ఉంచుతాం గనక ఆ వరస అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరు ఏం పంపినా వృథాయే. సర్వర్ ఫైలు ఇస్తూనే ఉంది, ఫెచ్ తెస్తూనే ఉంది, విప్పడం మాత్రం కుదరడం లేదు. కుదరనప్పుడల్లా, నేను చెప్పినట్టే, పేజీ సోమవారం పొద్దుటి పాత అంకెలు తీసి పైన కొత్త తేదీ వేసి చూపిస్తోంది.

అదృష్టవశాత్తూ లస్కర్లు పంపినది పంపినట్టు, టైముతో సహా, సర్వర్లో వేరే చోట జమయ్యేది. అందులో చూశాను. నాంచారయ్య గారివి ఒక్కటి తప్పలేదు. సోమవారం పొద్దున్న నాలుగు. సాయంత్రం రెండు గీతలు. మంగళవారం మూడడుగుల రెండంగుళాలు, ఆ తర్వాత దిగుతూ దిగుతూ శుక్రవారానికి రెండడుగుల ఒకటి. నా ఎదుట పంపింది తప్ప అన్నీ ఆరింటికి అటూ ఇటూ. నాలుగు రోజులుగా ఈ మనిషి నీళ్లు తగ్గిపోతున్నాయని చెబుతూనే ఉన్నాడు. నా పేజీ ఆ మాట ఎవరికీ వినపడనివ్వలేదు.

ఆయనకి అర్థమయ్యేలా చెప్పాను. విని, "అయితే తప్పు నాదేనా అండీ?" అన్నారు. కాదు, నాదన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు ఆ మాట అనడం ఆయన ఎన్నడూ విని ఉండరు.

మధ్యాహ్నానికి బందరు చేరి, చెడిన వరస సరిచేసి పేజీ నడిపించాను. దానికి రెండు నిమిషాలు పట్టింది. మెమో సంగతి అంత తేలిక కాలేదు. డీఈ గారు మంచివారే గాని, రాసిన మెమో వెనక్కి తీసుకోవడం ఏ అధికారికైనా చేదుగా ఉంటుంది. ఆయన ఒక మధ్యే మార్గం చెప్పారు. ఫారంలో అంకె రాయాల్సిన చోట లస్కరు వేరే గుర్తు పెట్టాడన్నది నిజమే కదమ్మా, కొత్త పద్ధతి తెలియక జరిగిందని రాసి హెచ్చరికతో వదిలేద్దాం, ఎస్‌ఈ గారు వచ్చే ముందు మీ పేజీకి మచ్చ ఎందుకు, అన్నారు. నా మంచి కోరే అన్నారు.

అందులో ప్రతి మాటా నిజమే, అందుకే నాకు ఒళ్లు మండింది. హెచ్చరిక చిన్నదే అయినా సర్వీసు రిజిస్టర్లోకి ఎక్కుతుంది. మా డ్రాయింగు షీట్ల కింద కుడి మూల ఒక గడి ఉంటుంది, గీసినవారు, సరిచూసినవారు అని. నేను గీసిన షీటులో కొలత తప్పైతే తాపీమేస్త్రిని పట్టుకుని నిలదీయరు. నా సంతకం చూసుకుని నా దగ్గరికి వస్తారు. ఆ గడిలో సంతకం పెట్టినన్నాళ్లూ తలెత్తుకుని పెట్టాను. వెబ్ పేజీకి అలాంటి గడి లేదు గదా అని ఇంకొకరి పేరు రాయనివ్వడం నా వల్ల కాలేదు.

ఈఈ గారికి నోట్ పెట్టాను. నాలుగు అంశాలు రాశాను. లస్కరు పంపిన రీడింగులన్నీ సరైనవి, నకలు జతచేశాను. రెండు గీతల గుర్తు మా రిజిస్టర్ పద్ధతి ప్రకారమే పెట్టారు. దాన్ని తీసుకోలేని ఫారం తయారు చేసింది నేను. ఫైలు చదవలేకపోయినప్పుడు పాత అంకెలను కొత్త తేదీ కింద చూపేలా రాసింది కూడా నేనే. కింద సంతకం, హోదా.

ఈఈ గారు రెండుసార్లు చదివారు. ఎస్‌ఈ గారు వచ్చే వారమే వస్తున్నారు, ఈ నోట్ ఇప్పుడే ఫైల్లో ఉండాలా అని అడిగారు.

"పేజీ నాదని ఆయనకి చెబుతారు కదండీ. అప్పుడు ఇదీ నాదేనండీ," అన్నాను.

ఆయన సంతకం పెట్టారు. మర్నాడు మెమో ఉపసంహరించుకోవడమైనది అని ఒక వాక్యం ఆర్డరు వెళ్లింది. అది నోటిమాటగా కాకుండా కాగితం మీదే వెళ్లాలనీ, సర్వీసు రిజిస్టర్లో ఏదీ ఎక్కకూడదనీ పట్టుబట్టి సాధించాను. శివారు నారుమళ్లకి నీరు శుక్రవారం చీకటి పడకముందే చేరింది. అంచులు పోయాయి గాని మడులు నిలిచాయి, ఊడ్పులు కొన్నాళ్లు వెనకబడ్డాయి. ఆ నష్టానికి నేనేం చేయలేకపోయాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

నాంచారయ్య గారు ఫోన్ చేసి, ఇక మీదట గీతలు పెట్టనండీ, అంకె ఎన్నిసార్లైనా రాస్తానన్నారు. పెట్టండన్నాను. ఆయన పద్ధతి నా ప్రోగ్రామ్ కన్నా పాతది, దానిలో తప్పేమీ లేదు. ఫారంలో అంకె గడి పక్కన రెండు గీతలతో ఒక బటన్ పెట్టాను, కింద "మార్పు లేదు" అని. అది నొక్కితే సర్వర్ పై రీడింగులోని అంకెనే తీసుకుని కొత్త టైముతో రాసుకుంటుంది. జేసన్ కూర్పు పని చేతి అతుకుల నుంచి తీసేసి, జావాస్క్రిప్ట్‌లో ఉన్న సాధనానికే అప్పగించాను. అంకె కానిది ఏదైనా వస్తే తలుపు దగ్గరే ఆపి, పంపినవారికి చెప్పేలా చేశాను. చివరగా పేజీ నెత్తిన తేదీ తీసేశాను. ప్రతి లెవెలు పక్కన ఆ లెవెలు చూసిన రోజూ గంటా వేశాను. కొత్తది అందకపోతే అందలేదని ఎర్రక్షరాలతో రాయించాను.

ఎస్‌ఈ గారు వచ్చినప్పుడు అందరి ఎదుటా సర్వర్ వైరు నా చేత్తో నేనే పీకాను. డీఈ గారి మొహం పాలిపోయింది. పెద్ద తెర మీద పట్టికలో లాకుల ఎదురుగా "తాజా లెవెలు అందలేదు" అని ఎర్రగా పడింది, పాత లెవెళ్లు వాటి టైముతో కింద చిన్నగా ఉన్నాయి. మన సర్వర్ చెడిన సంగతి ఊరందరికీ చాటడం ఎందుకని ఎస్‌ఈ గారు అడిగారు. జవాబుగా నోట్ ఫైలు ఆయన ముందు పెట్టాను. చదివి, దీన్ని మిగతా డివిజన్లలో కూడా ఇలాగే, ఆ ఎర్రక్షరాలతో సహా పెట్టమన్నారు. నా ఉద్యోగంలో అంతకన్నా పెద్ద మెప్పు నేను ఎరగను. నేను రిటైరయ్యేనాటికి అది అన్నిచోట్లా నడుస్తోంది. రెండు గీతల బటన్ కూడా ఉంది. మిగతా డివిజన్ల లస్కర్లకీ అదే పద్ధతి మరి.

నాంచారయ్య గారు నాకన్నా ముందు రిటైరయ్యారు, ఏ విచారణా లేకుండా. పూర్తి పెన్షన్ వస్తోంది.

నేను నేర్చుకున్నది ఇది. మారలేదని చెప్పాలంటే ముందు వెళ్లి చూడాలి. నాంచారయ్య గారు మెట్లు దిగి, వంగి పలక చూసి రెండు గీతలు పెట్టారు. నా పేజీ ఏమీ చూడకుండానే నాలుగు రోజులు అవే గీతలు పెట్టింది.